యూనిఫాం మీది వింగ్స్: ఆ రెక్కల బ్యాడ్జి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2025 జులై 3న విశాఖపట్నంలోని నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియాకు ‘వింగ్స్ ఆఫ్ గోల్డ్’ ప్రదానం చేశారు. నేవీ ఫైటర్ విభాగంలోకి అడుగుపెట్టిన తొలి మహిళ ఆమె. ఈ వార్త చదివిన చాలామందికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. 2019 డిసెంబరులో కొచ్చిలో శివాంగి వింగ్స్ అందుకున్నప్పుడు కూడా ‘తొలి మహిళ’ అనే కదా రాశారు? 2020 సెప్టెంబరులో కుముదిని త్యాగి, రితి సింగ్‌ల గురించీ అదే మాట విన్నాం కదా?

మూడు వార్తలూ నిజమే. శివాంగి నేవీలో తొలి మహిళా పైలట్. కుముదిని, రితి పైలట్లు కారు, అబ్జర్వర్లు. హెలికాప్టర్‌లో కూర్చుని సెన్సర్లు చూస్తూ, శత్రు జలాంతర్గాముల జాడ పట్టే పని వాళ్లది. యుద్ధనౌకల డెక్ మీద నుంచి ఆ పని చేయబోయే తొలి మహిళలుగా వాళ్ల పేర్లు వార్తల్లోకి వచ్చాయి. పూనియా ఫైటర్ శిక్షణలోకి వెళ్లిన తొలి మహిళ. నలుగురి ఛాతీ మీదకూ వచ్చినవాటిని వార్తల్లో ‘వింగ్స్’ అనే అన్నారు. వాటి వెనకున్న పనులు మాత్రం వేరు.

గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ఈ బ్యాడ్జి ఒకేసారి మూడు సంగతులు చెప్పాలని చూస్తుంది: ఈ మనిషి ఏం నేర్చుకున్నాడు, ఇప్పుడు ఏం చేస్తున్నాడు, ఏ గుంపువాడు. మూడూ ఒకే మనిషిలో కలిసి ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. అవి విడిపోయినప్పుడే తగాదాలు వస్తాయి. పైలట్ కళ్లు దెబ్బతిని ఎగరడం మానేసినప్పుడు, విమానం నేల మీద నుంచి నడిచినప్పుడు, ప్రయాణికుడు అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చినప్పుడు.

బ్యాడ్జి, మెడల్, ర్యాంకు, ప్యాచ్

ముందు మాటలు తేల్చుకుందాం. సైనికుడి యూనిఫాం మీద కనిపించేదంతా మెడల్ కాదు.

భుజం మీద లేదా చేతి అంచున ఉండేది ర్యాంకు. ఎవరు ఎవరికి ఆదేశం ఇవ్వొచ్చో అది చెబుతుంది. ఛాతీ మీద వరుసగా ఉండే రంగు రంగుల రిబ్బన్లు మెడల్స్‌కి గుర్తు. చేసిన సాహసానికో, పాల్గొన్న యుద్ధానికో, గడిపిన సర్వీసుకో ఇస్తారు. వింగ్స్ ఈ రెండింటిలోకీ రాదు. అది అర్హత బ్యాడ్జి. ఫలానా శిక్షణ పూర్తి చేశాడు, పరీక్షలో నెగ్గాడు అని చెబుతుంది, అంతే. ధైర్యం గురించి గానీ, హోదా గురించి గానీ అది ఏమీ చెప్పదు.

ఈ తేడా తెలియాలంటే ధోనీని చూస్తే చాలు. 2011లో మహేంద్ర సింగ్ ధోనీకి టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ ర్యాంకు ఇచ్చారు. అది గౌరవంగా వచ్చింది, పరీక్ష లేదు. పారా వింగ్స్ మాత్రం అలా రాలేదు. 2015 ఆగస్టులో ఆగ్రాలో శిక్షణ తీసుకుని, విమానం నుంచి అయిదుసార్లు దూకాకే అవి వచ్చాయి. ర్యాంకు బహుమతిగా ఇవ్వొచ్చు. పారాచూట్ మాత్రం లెఫ్టినెంట్ కల్నల్‌కైనా సిపాయికైనా ఒకేలా తెరుచుకోవాలి.

పారా వింగ్స్ అంటే విమానం నుంచి దూకేవాళ్ల గుర్తు. పైలట్ వింగ్స్ విమానం నడిపేవాళ్ల గుర్తు. రెండింటిలోనూ రెక్కలు ఉంటాయి కాబట్టి ఫొటోల్లో చూసేవాళ్లు తరచూ ఒకటనుకుంటారు. 2019 ప్రపంచ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీద కనిపించి, ఐసీసీ తీయించిన ‘బలిదాన్’ గుర్తు మళ్లీ మూడోది. అది పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లది.

ఇక ప్యాచ్‌లు. ఫ్లయింగ్ సూట్ భుజాల మీద కుట్టుకునే బొమ్మల్లో కొన్ని స్క్వాడ్రన్ అధికారిక చిహ్నాలైతే, కొన్ని సరదాకో గర్వానికో వేయించుకునేవి. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌తో గగనతల పోరు జరిగాక, వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ పనిచేసిన 51వ స్క్వాడ్రన్ వాళ్లు ‘ఫాల్కన్ స్లేయర్స్’ అనే ప్యాచ్ వేసుకున్నారు. అది జట్టు ఉత్సాహానికి సంబంధించింది. దానికి పరీక్ష లేదు. వింగ్స్‌కి ఉంటుంది.

రెండు రెక్కలు ఎవరికి, ఒక రెక్క ఎవరికి

ఇప్పుడు మన వాయుసేన వాడే బ్యాడ్జి మూలం 1913 నాటి బ్రిటన్‌లో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాజు అయిదో జార్జి రాయల్ ఫ్లయింగ్ కోర్ పైలట్లకు ఒక బ్యాడ్జి ఆమోదించాడు. తెల్లటి పక్షి రెక్కల జత, మధ్యలో ఆకుల దండలో దళం పేరులోని మొదటి అక్షరాలు, పైన కిరీటం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళంలో ఎగిరిన హర్దిత్ సింగ్ మాలిక్, ఇంద్రలాల్ రాయ్ వంటి కొద్దిమంది భారతీయులు పెట్టుకున్నదీ ఆ రెక్కలే. 1932లో మన వాయుసేన పుట్టినప్పుడు తొలి అధికారులు బ్రిటన్‌లోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది వచ్చారు. బ్యాడ్జి సంప్రదాయం కూడా వాళ్లతోనే వచ్చింది. రిపబ్లిక్ అయ్యాక కిరీటం పోయి అశోక సింహం వచ్చింది. రెక్కలు మిగిలాయి.

అసలు చిక్కు 1915లో మొదలైంది. అప్పటి యుద్ధ విమానాల్లో చాలావాటిలో ఇద్దరు ఉండేవారు. ఒకడు నడిపేవాడు, రెండోవాడు అబ్జర్వర్. కిందికి చూడటం, ఫొటోలు తీయడం, ఫిరంగులకు గురి చెప్పడం, అవసరమైతే తుపాకీ పేల్చడం అతని పని. విమానం కూలితే ఇద్దరూ ఒకటే. అయినా బ్యాడ్జి దగ్గరికి వచ్చేసరికి పైలట్‌కి రెండు రెక్కలు, అబ్జర్వర్‌కి ‘ఓ’ అక్షరానికి తగిలించిన ఒకే రెక్క. ఆ గుండ్రటి ‘ఓ’ని, దాని పక్కన రెక్కని చూసి తోటివాళ్లు పెట్టిన ముతక పేరు ఇక్కడ రాయలేను గానీ, పాఠకులు ఊహించుకోవచ్చు.

ఒంటి రెక్క అవమానమా? పెట్టుకున్నవాళ్లు అలా అనుకోలేదని చెప్పడానికి 1942 సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద బాంబర్లు వచ్చాక అబ్జర్వర్ పనిని ముక్కలు చేశారు. దారి చూసేవాడు నావిగేటర్, బాంబులు గురి చూసి వదిలేవాడు ఎయిర్ బాంబర్ అయ్యారు. ‘ఓ’ స్థానంలో ‘ఎన్’, ‘బి’ అక్షరాలతో కొత్త ఒంటి రెక్కలు వచ్చాయి. పాత ‘ఓ’ సంపాదించుకున్నవాళ్లు మాత్రం దాన్నే ఉంచుకోవచ్చన్నారు. చాలామంది ఉంచుకున్నారు. కొత్తవాళ్లు ఒక్క పనే నేర్చుకుంటే తాము అన్నీ నేర్చుకున్నామని ఆ పాత అక్షరం చెప్పేది. పేరుకి అది రద్దయిన బ్యాడ్జి. మెస్‌లో దానికున్న విలువ మాత్రం పెరిగింది.

అక్షరాల జాబితా తర్వాత ఇంకా పెరిగింది. గన్నర్‌కి ఒకటి, ఇంజినీర్‌కి ఒకటి, సిగ్నలర్‌కి ఒకటి. 2003లో బ్రిటన్ ఈ చిట్టా మొత్తం పక్కనపెట్టి, పైలట్ కాని సిబ్బందిలో కొత్తగా వచ్చేవారందరికీ ఒకే రకం ఒంటి రెక్క ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే మనిషి రకరకాల సిస్టమ్స్ నడపాల్సి వస్తున్నప్పుడు అక్షరానికో అర్థం నిలబడదన్నది దాని వెనకున్న వాదన. చూడగానే ఎవరి పనేంటో తెలిసే సౌకర్యం పోయిందన్నది ఎదుటివాళ్ల బాధ. నాకైతే రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది. బ్యాడ్జి ఉన్నదే మాట్లాడకుండా సంగతి చెప్పడానికి కదా.

అమెరికా వేరే దారి పట్టింది. అక్కడ ఇప్పుడు పైలట్, నావిగేటర్, ఫ్లయిట్ సర్జన్ (విమాన సిబ్బందిని చూసే డాక్టర్) అందరికీ రెండు రెక్కలే. తేడా మధ్యలో ఉండే బొమ్మలో ఉంటుంది. బ్రిటిష్ ఫొటో చూసిన కళ్లతో అమెరికన్ ఫొటో చూస్తే డాక్టర్‌ని పైలట్ అనుకునే ప్రమాదం ఉంది.

మన వాయుసేన బ్రిటిష్ దారిలోనే ఉంది. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ పరేడ్ వార్తల్లో ‘వింగ్స్, బ్రెవెట్స్ ప్రదానం చేశారు’ అని జంటగా రావడం గమనించే ఉంటారు. వింగ్స్ పైలట్లకు, బ్రెవెట్స్ అంటే ఒంటి రెక్కలు నావిగేటర్లకు. నేవీ మాత్రం కొచ్చిలో అబ్జర్వర్లకు ఇచ్చేటప్పుడు కూడా ‘వింగ్స్’ అనే ప్రకటిస్తుంది. అందుకే ‘ఆమెకు వింగ్స్ వచ్చాయట, అంటే పైలటే కదా’ అనే లెక్క ప్రతిసారీ నిజం కాదు.

ఛాతీయా, చేతి అంచా? నక్షత్రం ఎప్పుడు?

చాలా వాయుసేనల్లో వింగ్స్ ఎడమ ఛాతీ మీద, రిబ్బన్ల వరుసకు పైన ఉంటాయి. మెడల్స్ పెరిగే కొద్దీ కింద వరుసలు పేరుకుంటాయి, రెక్కలు మాత్రం పైనే ఉంటాయి. దీనికి గుర్తుంచుకోదగ్గ మినహాయింపు బ్రిటిష్ నేవీ. అక్కడి పైలట్లు ఎడమ చేతి అంచున, ర్యాంకు చారల మీదుండే మెలికకు పైన పెట్టుకుంటారు. మన నేవీ చాలా విషయాల్లో బ్రిటిష్ నేవీ బాటలోనే నడిచినా, వింగ్స్‌ని ఛాతీకి ఎక్కించింది.

అనుభవాన్ని బ్యాడ్జి మీదే చూపించాలా అన్నది ఇంకో ప్రశ్న. బ్రిటిష్, భారత సంప్రదాయంలో నిన్న పాసైన కుర్రాడిదీ, ఎయిర్ చీఫ్ మార్షల్‌దీ ఒకే రకం రెక్కలు. అమెరికా వాయుసేనలో అలా కాదు. మూడు మెట్లున్నాయి. ఏడేళ్ల సర్వీసు, మామూలు లెక్కలో 2,000 గంటల ఫ్లయింగ్ ఉంటే సీనియర్ పైలట్, బ్యాడ్జి పైన ఒక నక్షత్రం. పదిహేనేళ్లు, 3,000 గంటలు ఉంటే కమాండ్ పైలట్, నక్షత్రం చుట్టూ ఆకుల దండ.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రవాణా విమానం పైలట్ ఉన్నాడు. ఖండాలు దాటే ట్రిప్పులు కాబట్టి ఆరేళ్లకే 2,400 గంటలు పోగుపడ్డాయి. పక్క బేస్‌లో ఒక ఫైటర్ పైలట్ ఉన్నాడు. ఒక్కో ట్రిప్పు గంటో గంటన్నరో. తొమ్మిదేళ్లయినా 1,500 గంటలే. మామూలు లెక్క ప్రకారం ఇద్దరికీ నక్షత్రం రాదు. మొదటివాడికి ఏళ్లు చాలలేదు, రెండోవాడికి గంటలు చాలలేదు. అందుకే విమానాన్ని స్వయంగా నడిపిన గంటలు వేరుగా లెక్కేసి, అవి 1,300 ఉన్నా చాలని ఇంకో దారి పెట్టారు. అప్పుడు ఫైటర్ పైలట్‌ గట్టెక్కే అవకాశం ఉంది. రవాణా పైలట్ ఏడో ఏడు నిండేదాకా ఆగాల్సిందే. గంట అనే కొలతతో రెండు భిన్నమైన పనుల్ని తూచబోతే ఇలాంటి సర్దుబాట్లు తప్పవు. ఆ తలనొప్పి మనకు లేదు. దానికి బదులు, మన దగ్గర రెక్కలు చూసి అనుభవం చెప్పడం కుదరదు.

చేతికిచ్చే రోజు

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ నడుస్తోంది. ఏటా జూన్‌లో, డిసెంబరులో జరిగే కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్‌లో ఫ్లయిట్ కేడెట్లు ఆఫీసర్లవుతారు. ఫ్లయింగ్ శిక్షణ పూర్తి చేసినవాళ్లకు ముఖ్య అతిథి వింగ్స్ తగిలిస్తారు. వాళ్లలో నేవీ, కోస్ట్‌గార్డ్ వాళ్లు, మిత్ర దేశాల వాళ్లు కూడా ఉంటారు. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా వాయుసేనలోకి వచ్చింది ఈ మైదానం నుంచే.

ఇక్కడ రెండు వేర్వేరు ఘట్టాలు ఒకే పొద్దున జరుగుతాయి, చూసేవాళ్లు కలిపేసుకుంటారు. ర్యాంకు చారలు వచ్చేది ఆఫీసర్ అయినందుకు. పైలట్ కాని గ్రౌండ్ డ్యూటీ కేడెట్‌కి కూడా అవి వస్తాయి. వింగ్స్ వచ్చేది ఫ్లయింగ్ నేర్చుకున్నందుకు. ‘దుండిగల్‌లో పాసైన పైలట్లు’ అని అందరినీ కలిపి రాసే శీర్షికలు ఈ తేడా పట్టించుకోవు. ఇంకో సంగతి, వింగ్స్ వస్తే శిక్షణ అయిపోయినట్టు కాదు. ఏ విమానం మీద యుద్ధానికి వెళ్లాలో దాన్ని నేర్చుకునే దశ ఆ తర్వాత ఉంటుంది. విశాఖలో హాక్ శిక్షణ విమానం మీద కోర్సు ముగించిన నేవీ పైలట్‌కి కూడా ముందున్న దారి పొడవే.

అమెరికా వాయుసేనలో ఒక చిత్రమైన ఆచారం ఉంది. కొత్త పైలట్ తన తొలి జత రెక్కల్ని మధ్యలోకి విరిచేస్తాడు. ఒక సగం తన దగ్గర, ఇంకో సగం అమ్మ దగ్గరో, భార్య దగ్గరో, స్నేహితుడి దగ్గరో. పైలట్ బతికుండగా ఆ రెండు ముక్కలూ కలవకూడదని నమ్మకం, కలిస్తే కీడు. యూనిఫాం మీదకి వేరే జత కొనుక్కుంటాడు. నియమావళిలో ఎక్కడా లేని ఈ ఆచారం తరాలుగా నడుస్తోంది.

ఆచారాలన్నీ ఇంత ముచ్చటగా ఉండవు. అమెరికన్ మెరైన్లలో పారా వింగ్స్ వచ్చినవాడి ఛాతీలోకి బ్యాడ్జి వెనక సూదుల్ని గుద్ది దింపే ‘బ్లడ్ వింగ్స్’ ఉండేది. 1991, 1993 నాటి వీడియోలు 1997లో టీవీలో వచ్చాక దేశం అదిరిపడింది. రక్షణ మంత్రి విలియం కోహెన్ బహిరంగంగా ఖండించాడు. ‘మా నాన్నకీ ఇలాగే జరిగింది, మాకు గర్వం’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. అయితే కాదనే వీలు లేనిచోట ఒప్పుకోలు అనే మాటకు అర్థం లేదు.

ఎగరడం ఆపేశాక ఏమవుతుంది?

గుండె జబ్బు వచ్చో, వెన్ను దెబ్బతినో పైలట్ శాశ్వతంగా నేల మీదికి వచ్చేశాడనుకుందాం. వింగ్స్ తీసేయాలా?

దీనికి రెండు చూపులున్నాయి. డిగ్రీ పట్టాలా చూస్తే, ఉద్యోగం మానేసినంత మాత్రాన చదువు పోదు కాబట్టి రెక్కలు ఉండాల్సిందే. ఆఫీసు గుర్తింపు కార్డులా చూస్తే, ఆ పనిలో లేనివాడు పెట్టుకోవడం చూసేవాళ్లను తప్పుదారి పట్టించడమే. ఆచరణలో మొదటి చూపే గెలిచింది. డెస్కు వెనక కూర్చున్న సీనియర్ అధికారుల ఛాతీ మీద ఎప్పుడో ఆపేసిన ఫ్లయింగ్ తాలూకు రెక్కలు ఉంటాయి. ఎవరూ తప్పుపట్టరు. అభినందన్ 2019లో పాక్ చెర నుంచి వచ్చాక కొన్ని నెలలు కాక్‌పిట్‌కి దూరంగా ఉండి, సెప్టెంబరులో అప్పటి వాయుసేనాధిపతి ధనోవాతో కలిసి మళ్లీ మిగ్-21 ఎక్కాడు. ఆ మధ్యకాలంలో అతను పైలట్ కాదని ఎవరన్నారు గనక?

అయితే రెక్కలు పీకేసిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే చేదైనది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వాయుసేనది. ఒక వైద్య కారణమంటూ కనిపించకుండా ‘ఇక నేను ఎగరలేను’ అన్నవాళ్లను ‘ఎల్‌ఎంఎఫ్’ అనే వర్గంలో వేసేవారు. లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్, అంటే మనోధైర్యం చాలనివాడని. ఆ ముద్ర పడినవాడి నుంచి ఫ్లయింగ్ బ్యాడ్జి తీసేసుకునేవారు. ఆఫీసరైతే కమిషన్ పోయేది, సార్జెంటైతే ర్యాంకు దిగేది.

ఈ విధానాన్ని సమర్థించినవాళ్ల మాట వినకుండా తీర్పు చెప్పడం సబబు కాదు. అక్కడ ఎగిరేది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. ఒకడికి సులువుగా బయటపడే దారి చూపిస్తే మిగతావాళ్లు ఎందుకు వెళ్తారన్నది అధికారుల భయం. ఏడుగురున్న బాంబర్‌లో ఒకడు వణికితే ఆరుగురి ప్రాణం మీదికి వస్తుంది. ఇక రెండోవైపు లెక్క చూడండి. బ్రిటిష్ వాయుసేన బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573 మంది. తొలి విడత డ్యూటీ అంటే మామూలుగా 30 దాడులు. ఇరవై దాడులు చేసి, ఇరవై ఒకటో రాత్రి మెట్లెక్కలేకపోయిన కుర్రాడి రెక్కలు ఊడదీయడం వల్ల, ఆ ఇరవై రాత్రులూ లేనట్టే అయిపోయాయి. అర్హతకి ఇచ్చిన బ్యాడ్జిని శిక్షగా వెనక్కి తీసుకున్నారు, చిక్కంతా అదే. ఇవాళ ఆ లక్షణాలను యుద్ధపు ఒత్తిడి వల్ల వచ్చే జబ్బుగా చూస్తున్నారు.

నేల మీద కూర్చుని నడిపేవాళ్లకి?

అఫ్గాన్ యుద్ధంలో రీపర్ డ్రోన్ ఎగిరింది అఫ్గానిస్తాన్ మీద. దాన్ని నడిపిన బ్రిటిష్ పైలట్ కూర్చున్నది అమెరికాలోని నెవాడాలో, లేదంటే ఇంగ్లండ్‌లోని వాడింగ్టన్ బేస్‌లో. డ్యూటీ అయ్యాక కారులో ఇంటికెళ్లేవాడు. అతనికి రెక్కలు ఇవ్వాలా?

2013లో ఆ పని కోసమే శిక్షణ పొందిన తొలి బ్యాచ్ బయటికి వచ్చినప్పుడు బ్రిటన్ మధ్యేమార్గం ఎంచుకుంది. రెండు రెక్కలే ఇచ్చారు గానీ మధ్యలో ఆకుల దండ గోధుమరంగుకి బదులు నీలిరంగులో కుట్టారు. దూరం నుంచి ఒకేలా కనిపిస్తుంది, దగ్గరికొస్తే తేడా తెలుస్తుంది. ఆరేళ్లకే, 2019లో ఆ తేడా కూడా ఎత్తేసి అందరికీ ఒకటే చేశారు.

వద్దన్నవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. జి-ఫోర్స్ (వేగంగా తిరిగేటప్పుడు ఒంటి మీద పడే బరువు) లేదు, కూలిపోయే భయం లేదు, పారాచూట్ అవసరం లేదు. శరీరాన్ని పణంగా పెట్టినవాడిదీ, కుర్చీలో కూర్చున్నవాడిదీ ఒకే గుర్తు ఎలా అవుతుందంటారు. కావాలన్నవాళ్లు బ్యాడ్జి ప్రమాదానికి ఇచ్చేది కాదు కదా అంటారు. గగనతల నియమాలు తెలియాలి, ఆయుధం ఎప్పుడు వదలాలో నిర్ణయించాలి, వదిలాక ఏం జరిగిందో కెమెరాలో గంటల తరబడి చూడాలి. మొదట చెప్పుకున్న తేడా ఇక్కడ పనికొస్తుంది. ప్రమాదానికి ఇచ్చేది మెడల్, నైపుణ్యానికి ఇచ్చేది బ్యాడ్జి. అదే 2013లో అమెరికా డ్రోన్, సైబర్ సిబ్బంది కోసం ఒక కొత్త మెడల్ ప్రకటించి, దాన్ని యుద్ధభూమిలో ఇచ్చే బ్రాంజ్ స్టార్ కంటే పైన పెట్టింది. మాజీ సైనికులు భగ్గుమన్నారు. రెండు నెలల్లో వెనక్కి తీసుకున్నారు. బ్యాడ్జి సమానం చేస్తే సర్దుకుపోయినవాళ్లు మెడల్ దగ్గర ఒప్పుకోకపోవడంలో ఒక తర్కం ఉంది.

మన దగ్గరికీ ఈ ప్రశ్న వచ్చేసింది. 2022 అక్టోబరు 8న వాయుసేన ‘వెపన్ సిస్టమ్స్’ అనే కొత్త బ్రాంచి ప్రకటించింది. అందులో విమానంలో కూర్చుని ఆయుధ వ్యవస్థలు నడిపేవాళ్లు, డ్రోన్లు నడిపేవాళ్లు, క్షిపణులు చూసేవాళ్లు, ఇంటెలిజెన్స్ వాళ్లు అని నాలుగు పాయలు. వాళ్ల కోసం 2024 జులై 1న బేగంపేటలో ప్రత్యేకంగా స్కూలు తెరిచారు. నాలుగింటిలో గాల్లోకి లేచేది ఒక పాయే.

వాతావరణం దాటితే

ఇదే గొడవ అంతరిక్షంలో మరీ తమాషాగా సాగింది. 1960ల్లో అమెరికా ఎక్స్-15 రాకెట్ విమానాన్ని ఎగరేసింది. 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు దాటితే ఆస్ట్రోనాట్ వింగ్స్ అని వాయుసేన నియమం. 1962 జులై 17న రాబర్ట్ వైట్ దాదాపు 96 కిలోమీటర్లు ఎక్కి వింగ్స్ అందుకున్నాడు. అదే విమానంలో, అంతకంటే ఎత్తు వెళ్లిన జో వాకర్‌కి ఏమీ రాలేదు. అతను నాసా పైలట్, సివిలియన్. సైన్యం గుర్తు సైన్యానికే. వాకర్, జాన్ మెకే, బిల్ డానా అనే ముగ్గురు సివిలియన్లకు నాసా వింగ్స్ ఇచ్చింది 2005లో. అప్పటికి బతికున్నది డానా ఒక్కడే.

2021లో ప్రైవేటు రాకెట్లు వచ్చాయి. గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష జులై 11న వర్జిన్ గెలాక్టిక్ విమానంలో 80 కిలోమీటర్లు దాటారు. దిగాక కంపెనీ తన వింగ్స్ తగిలించింది. మరి ప్రభుత్వ గుర్తింపో? అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సరిగ్గా ఆ నెల 20నే నియమం బిగించింది. ఎత్తు ఒక్కటే చాలదు, ఆ యాత్రలో అంతరిక్షయాన భద్రతకు పనికొచ్చే పనేదైనా చేసి ఉండాలంది. టికెట్ కొన్నవాళ్లనూ పని మీద వెళ్లినవాళ్లనూ వేరుచేసే ప్రయత్నమది. చివరికి ఆ ఏడాది వెళ్లినవాళ్లందరికీ ఇచ్చేసి, 2022 నుంచి ఆ కార్యక్రమాన్నే మూసేసింది. ఆ జాబితాలో శిరీష పేరు ఉంది.

మన గగన్‌యాన్ దీనికి తిరగేసిన కేసు. 2024 ఫిబ్రవరి 27న తిరువనంతపురంలో ప్రధాని మోదీ నలుగురు వాయుసేన పైలట్లకు ఆస్ట్రోనాట్ వింగ్స్ తగిలించారు. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. అప్పటికి వాళ్లెవరూ అంతరిక్షంలోకి వెళ్లలేదు. వెళ్లకుండానే వింగ్స్ ఏమిటని అడిగినవాళ్ల ప్రశ్న సహజమే. శిక్షణ పూర్తయినందుకు ఇచ్చేదే అర్హత బ్యాడ్జి అనుకుంటే మాత్రం అందులో వింతేమీ లేదు. దుండిగల్‌లో యుద్ధం చూడకముందే ఇస్తారు కదా. నాసా ఈ రెండు చూపుల్నీ రెండు పిన్నులుగా విడదీసింది. శిక్షణ ముగిస్తే వెండిది, వెళ్లొస్తే బంగారుది. శుక్లా 2025 జూన్‌లో యాక్సియం-4 అనే ప్రైవేటు అంతరిక్ష యాత్రలో వెళ్లి జులైలో తిరిగొచ్చాడు కాబట్టి ఆ నలుగురిలో అతని విషయంలో చర్చే మిగల్లేదు.

కొనుక్కుని పెట్టుకుంటే?

కంటోన్మెంట్ల పక్కన దుకాణాల్లో, ఆన్‌లైన్లో రెక్కల బ్యాడ్జిలు దొరుకుతాయి. సినిమాలో హీరో పెట్టుకుంటాడు, బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి పిల్లాడు పెట్టుకుంటాడు. ఇదంతా నేరమా?

పాత ఐపీసీ 140వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఈ సంగతి చెబుతాయి. సైనికుడు కానివాడు, తనను సైనికుడని నమ్మించాలనే ఉద్దేశంతో, సైనికులు వాడే దుస్తులో గుర్తులో పోలినవి ధరిస్తే మూడు నెలలదాకా జైలు, లేదా రెండు వేల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 500 రూపాయలు. ఇక్కడ కీలకం ఉద్దేశం. వేదిక మీద నటుణ్ణి ఎవరూ నిజం సైనికుడనుకోరు, అనుకోవాలని అతనూ కోరుకోడు. అవే రెక్కలు పెట్టుకుని పెళ్లి సంబంధానికి వెళ్లి ‘ఎయిర్‌ఫోర్స్ పైలట్‌ని’ అంటే ఈ సెక్షన్‌తో పాటు మోసం సెక్షన్లు కూడా ఎదురుచూస్తుంటాయి.

అమెరికాలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. మెడల్ వచ్చిందని అబద్ధం చెప్పడాన్నే నేరం చేసిన 2005 నాటి చట్టాన్ని 2012లో కోర్టు కొట్టేసింది. అబద్ధమైనా అది మాట్లాడే స్వేచ్ఛ కిందికే వస్తుందంది. 2013లో వచ్చిన కొత్త చట్టం, ఆ అబద్ధంతో డబ్బో మరో లాభమో పొందాలని చూసినవాణ్ణి మాత్రమే పట్టుకుంటుంది. మన సెక్షన్‌లో లాభం ప్రసక్తి లేదు, నమ్మించాలని చూస్తే చాలు. తాతగారి పాత వింగ్స్ బీరువాలో దాచుకున్న మనవడికి ఏ చిక్కూ లేదు. అవి తగిలించుకుని రైల్వే స్టేషన్‌లో మిలిటరీ కోటా కౌంటర్ దగ్గర ఆఫీసర్‌నని నిలబడితే, టికెట్ దొరక్కపోయినా కేసు మాత్రం నిలుస్తుంది.